ఒక మాట తీసి, ఒక మాట జరిపి

హోటల్ గదిలో టెలిఫోను పక్కన చిన్న అట్టముక్క ఒకటి నిలబెట్టి ఉంటుంది. ‘షుడ్ యు నీడ్ యాన్ ఎక్స్‌ట్రా బ్లాంకెట్, ప్లీజ్ కాల్ రిసెప్షన్’ అని దానిమీద అచ్చువేసి ఉంటుంది. ఇంగ్లీషు బాగానే వచ్చినవాళ్లు కూడా మొదటిసారి దాని దగ్గర ఒక్క క్షణం ఆగుతారు. ‘షుడ్’ అంటే ‘చెయ్యాలి’ అని బడిలో నేర్చుకున్నాం. పైగా అది వాక్యం మొదట్లో వచ్చింది గనక ప్రశ్న కాబోలు అనుకుంటాం. తీరా చూస్తే చివర ప్రశ్నార్థకం లేదు. మధ్యలో కామా ఉంది, కామా తర్వాత ఫోన్ చెయ్యమని ఉంది. అప్పుడు వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకుంటే సంగతి బోధపడుతుంది: ‘ఒకవేళ మీకు ఇంకో దుప్పటి కావలసి వస్తే...’. ‘ఇఫ్’ అన్న మాట ఆ అట్టముక్క మీద ఎక్కడా లేదు. ‘వస్తే’ అన్న అర్థం మాత్రం నిక్షేపంగా ఉంది. లేని మాటకు ఉన్న అర్థం ఎక్కణ్ణుంచి వచ్చింది?

వ్యాకరణ పుస్తకాలు దీన్ని కండిషనల్స్‌లో ఇన్వర్షన్ అంటాయి. కండిషనల్స్ పాఠం చివర్లో, అరపేజీలో దాన్ని ముగించేస్తాయి. బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లలకు కొన్నాళ్లు నేనూ ఈ పాఠం అలాగే చెప్పాను: ‘ఇఫ్’ కొట్టెయ్, ‘హాడ్’ ముందుకు తే. తప్పు పట్టుకోమనే ప్రశ్నలో మార్కు తెచ్చుకోవడానికి అంతకు మించి అక్కర్లేదు. కానీ ఆ సూత్రం వెనక ఎంత పనితనం ఉందో తర్వాతెప్పుడో తీరిగ్గా కూర్చుని చూసుకుంటే తెలిసింది. చూసిన కొద్దీ ముచ్చటేసింది.

ఒక మామూలు వాక్యం తీసుకుందాం. ‘ఇఫ్ దే హాడ్ టోల్డ్ అస్, వి వుడ్ హావ్ కమ్.’ వాళ్లు మాకు చెప్పి ఉంటే మేం వచ్చేవాళ్లం. ఇందులో కామాకు ముందున్నది షరతు, తర్వాతది ఫలితం. మన పనంతా షరతులోనే. అక్కడ ఐదు మాటలున్నాయి. ‘ఇఫ్’ గుమ్మంలో నిలబడి, లోపలున్నది జరిగిన సంగతి కాదనీ, అనుకుంటున్న సంగతనీ ముందే చెప్పేస్తుంది. ‘దే’ కర్త. ‘హాడ్’ సహాయక క్రియ. కాలం బరువంతా దాని భుజాల మీదే ఉంది. ‘టోల్డ్’ అసలు క్రియ, చెప్పడం అనే పని. ‘అస్’ ఆ చెప్పడం ఎవరికో చూపిస్తుంది.

ఇప్పుడు ‘ఇఫ్’ తీసేద్దాం. ‘హాడ్’ని కర్తను దాటించి ముందుకు జరుపుదాం. ‘హాడ్ దే టోల్డ్ అస్, వి వుడ్ హావ్ కమ్.’ ఫలిత భాగంలో ఒక్క అక్షరం కదల్లేదు. షరతులో కూడా ‘టోల్డ్’, ‘అస్’ ఉన్నచోటే ఉన్నాయి. కొత్తగా తెచ్చి పెట్టింది ఏమీ లేదు. అర్థంలో వీసమెత్తు తగ్గలేదు.

ఈ జరపడం ఎంత పని చేస్తుందో తెలియాలంటే పక్కపక్కన రెండు ముక్కలు పెట్టి చూడాలి. ‘దే హాడ్ టోల్డ్ అస్’: వాళ్లు మాకు చెప్పారు, అది అయిపోయిన సంగతి. ‘హాడ్ దే టోల్డ్ అస్’, ఆ తర్వాత కామా: వాళ్లు మాకు చెప్పలేదు. అవే నాలుగు మాటలు. ఒక వరసలో పేరిస్తే చెప్పినట్టు, ఇంకో వరసలో పేరిస్తే చెప్పనట్టు. ‘నాట్’ లేదు, ‘ఇఫ్’ లేదు. నిజాన్ని తిరగేసింది ఒక మాట ఉన్న చోటు, అంతే.

మనకిది వింతగా తోచడానికి కారణం ఉంది. తెలుగులో మాటల వరస ఇంత బరువు మొయ్యదు. ‘వాళ్లు మాకు చెప్పి ఉంటే’ అన్నా, ‘మాకు వాళ్లు చెప్పి ఉంటే’ అన్నా షరతు షరతుగానే ఉంటుంది. ఊనిక కాస్త మారుతుందేమో గానీ వాక్యం జాతి మారదు. ఎందుకంటే మన షరతు క్రియ తోకలో ఉంది. బడిలో చేదర్థకం అని చదువుకున్నాం. వస్తే, చేస్తే, ఉంటే. ఆ ‘తే’ క్రియకు అంటుకుని ఉన్నంతకాలం మిగతా మాటలు ఎటు జరిగినా దిగుల్లేదు. ఇంగ్లీషులో అలా అంటుకునే ‘తే’ లేదు. దానికి బదులు గుమ్మంలో ‘ఇఫ్’ను నిలబెడుతుంది. ఆ ‘ఇఫ్’నూ తీసేశాక దాని చేతిలో మిగిలిన పనిముట్టు ఒక్కటే, మాటల వరస.

‘చెప్పి ఉంటే’ని ఒకసారి విప్పి చూడండి. చెప్పి, ఉన్, తే. ‘చెప్పి’కి అటువైపు ‘టోల్డ్’. ‘ఉన్’కి ‘హాడ్’. ‘తే’కి ‘ఇఫ్’. కర్తను కాసేపు పక్కన పెడితే మన వరస చెప్పి–ఉన్–తే. వాళ్ల వరస ఇఫ్–హాడ్–టోల్డ్. అద్దంలో బొమ్మలా ఒకదానికొకటి తిరగబడ్డాయి. సామాను ఒకటే, అమరికే కుడిఎడమలైంది. ఫలిత భాగంలో ఇంకో పోలిక దొరుకుతుంది. ‘చిన్నప్పుడు రోజూ ఏటికి వెళ్లేవాళ్లం’ అంటే అలవాటు. ‘చెప్పి ఉంటే వెళ్లేవాళ్లం’ అంటే జరగని పని. రెండుచోట్లా ‘వెళ్లేవాళ్లం’ ఒక్కటే. ఇంగ్లీషులో ‘వి వుడ్ గో’ కూడా సరిగ్గా ఇలాగే ఒకచోట పాత అలవాటునూ, ఇంకోచోట జరగని ఊహనూ చెబుతుంది. ఏ చుట్టరికమూ లేని రెండు భాషలు గతంలోని అలవాటుకూ, అందని ఊహకూ ఒకే రూపాన్ని వాడుకోవడం నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా కొత్తగానే ఉంటుంది.

మళ్లీ గుమ్మం దగ్గరికి వద్దాం. ‘ఇఫ్’ ఉంటే ‘హాడ్’ ముందుకు రాదు. ‘హాడ్’ ముందుకు వస్తే ‘ఇఫ్’ ఉండదు. ‘ఇఫ్ హాడ్ దే టోల్డ్ అస్’ అని మన పిల్లలు తరచూ రాస్తుంటారు, అది తప్పు. ఎందుకు తప్పు అంటే చాలామంది ‘రూల్ అంతే’ అంటారు. దానికి చక్కని కారణం ఉంది. 1970ల చివర్లో హాన్స్ డెన్ బెస్టెన్ అనే డచ్చి భాషా శాస్త్రజ్ఞుడు తన భాషనూ, జర్మన్‌నూ పరిశీలించి ఒక మాట చెప్పాడు: వాక్యం తలుపు దగ్గర ఒక్కటే చోటుంది. ‘ఇఫ్’లాంటి సంధాయకం అక్కడ కూర్చుంటే క్రియ లోపలే ఉండిపోతుంది. చోటు ఖాళీగా ఉంటే క్రియ వచ్చి కూర్చుంటుంది. ఇద్దరూ ఒకేసారి కూర్చోలేరు.

హైదరాబాద్‌లో జర్మన్ క్లాసులకు వెళ్తున్న పిల్లల్ని అడిగితే ఇది ఇంకా స్పష్టంగా చూపిస్తారు. ‘అది నాకు తెలిసి ఉంటే’ అనడానికి జర్మన్‌లో ‘వెన్ ఇఖ్ దాస్ గెవుస్ట్ హెట్టె’ అంటారు. ‘వెన్’ అంటే ఇఫ్, ‘ఇఖ్’ నేను, ‘దాస్’ అది, ‘గెవుస్ట్ హెట్టె’ అచ్చంగా మన ‘తెలిసి ఉన్’. అదే వరసలో, అదే చివర్లో. ఇప్పుడు ‘వెన్’ తీసేస్తే చివరనున్న ‘హెట్టె’ వాక్యమంతా దాటుకుని మొదటికి వచ్చి కూర్చుంటుంది: ‘హెట్టె ఇఖ్ దాస్ గెవుస్ట్’. ఇంగ్లీషు ‘హాడ్’ ఒక్క కర్తను దాటితే చాలు, ప్రయాణం చిన్నది గనక చటుక్కున కంటికి ఆనదు. జర్మన్‌లో అదే క్రియ ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి వస్తుంది, కాబట్టి ఖాళీ అయిన కుర్చీ ఎక్కడుందో, అందులోకి ఎవరు వచ్చారో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఈ రెండు భాషలదీ ఒకే కుటుంబం. అట్టముక్క మీది ‘షుడ్’ కూడా ఈ నడక నడిచిందే.

జర్మన్‌లో ఈ గుమ్మంలోకి దాదాపు ఏ క్రియైనా రావచ్చు. ‘అతను వస్తే’ అనడానికి ‘కొమ్ట్ ఎర్’ అంటే సరిపోతుంది. ‘వచ్చు’ అనే క్రియే మొదట నిలబడుతుంది. పాత ఇంగ్లీషులోనూ క్రియకు ఈ స్వేచ్ఛ ఉండేది. తర్వాతి శతాబ్దాల్లో ఇంగ్లీషులో అసలు క్రియలు కదలడం మానేశాయి. ప్రశ్న అడగడానికి కూడా అసలు క్రియను జరపకుండా ‘డు’ను తెచ్చి ముందు పెట్టడం మొదలైంది. ఆ పాత స్వేచ్ఛ ఆనవాళ్లు ‘కమ్ వాట్ మే’, ‘బీ దట్ యాజ్ ఇట్ మే’ లాంటి గట్టిపడిన పలుకుబడుల్లో మాత్రం మిగిలాయి. షరతుల దగ్గర కదిలే హక్కు ఈనాటి ఇంగ్లీషులో మూడింటికే నిలిచింది: హాడ్, వర్, షుడ్. పాతకాలపు రచనల్లో ‘కుడ్’, ‘డిడ్’ అక్కడక్కడా కనిపిస్తాయి గానీ ఇప్పుడు రాసేవాళ్లు వాటి జోలికి పోరు.

మరి ఈ మూడే ఎందుకు? ‘ఈజ్’ ఎందుకు కాదు? ‘ఇఫ్ ఇట్ ఈజ్ రెయినింగ్, టేక్ యాన్ అంబ్రెల్లా’ అనొచ్చు. ‘ఈజ్ ఇట్ రెయినింగ్, టేక్ యాన్ అంబ్రెల్లా’ అనకూడదు. ‘హాజ్’ రాదు, ‘విల్’ రాదు, ‘కెన్’ రాదు. బతికిన మూడింటినీ వరసలో నిలబెట్టి చూస్తే ఒక పోలిక తెలుస్తుంది. మూడింటి కడుపులోనూ ‘ఇది నిజం కాదు’ అనో, ‘ఇది జరగడం కాస్త అనుమానమే’ అనో ముందే ఉంది. ‘ఇఫ్’ మొయ్యాల్సిన బరువులో సగం క్రియే మోస్తోంది. అందుకే ‘ఇఫ్’ను తీసేసినా వాక్యం కూలదు. ‘ఈజ్’లో ఆ ఊహ లేదు. అది ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పే మాట. ఆసరా తీసేస్తే నిలబడలేదు.

దీనికి గట్టి రుజువు ‘హాడ్’లోనే దొరుకుతుంది. ఒక దొంగతనం కేసు అనుకోండి. పనివాడు ఎనిమిదింటికే వెళ్లిపోయానని చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ అడుగుతాడు: ‘ఇఫ్ హి హాడ్ ఆల్రెడీ లెఫ్ట్, హూ లాక్డ్ ద డోర్?’ అతను అప్పటికే వెళ్లిపోయి ఉంటే తలుపుకు తాళం వేసిందెవరు? ఇక్కడ అతను వెళ్లాడా లేదా అన్నది తేలలేదు. నిజంగానే వెళ్లి ఉండొచ్చు. ఈ వాక్యాన్ని తిప్పడానికి ప్రయత్నించండి: ‘హాడ్ హి ఆల్రెడీ లెఫ్ట్, హూ లాక్డ్ ద డోర్?’ కుదరదు. ‘హాడ్’ ముందుకు రాగానే అతను వెళ్లలేదని తీర్పు వచ్చేసినట్టవుతుంది. ఆ తర్వాత ‘తాళం వేసిందెవరు’ అన్న ప్రశ్నకు చోటుండదు. రెండు వాక్యాల్లోనూ అదే ‘హాడ్’. కానీ ఒకటి గతాన్ని చెప్పే ‘హాడ్’, ఇంకోటి గతాన్ని కాదనే ‘హాడ్’. గుమ్మం దాకా రానిచ్చేది ఆ రెండో దాన్నే. ఇంగ్లీషు మాతృభాషగా పెరిగినవాళ్లకు ఏ పుస్తకంలోనూ చదువుకోకుండానే ఈ తేడా తెలిసిపోతుంది.

‘వర్’ కథ ఇంకా పాతది. ‘వర్ హి హియర్, హి వుడ్ లాఫ్’ అంటే, అతనే ఇక్కడుంటే నవ్వేవాడు. ఒక్కడికి ‘వర్’ ఏమిటి, ‘వాజ్’ కదా ఉండాలి అని బాగా చదివే పిల్లలే అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే అది. ఆ ‘వర్’ బహువచనం కాదు. పాత ఇంగ్లీషులో జరిగినదానికి ఒక క్రియారూపం, ఊహించినదానికి ఇంకో క్రియారూపం ఉండేవి. కాలక్రమాన ఆ రూపాల చివరి అక్షరాలు అరిగిపోయి, దాదాపు అన్ని క్రియల్లోనూ రెండూ ఒకటైపోయాయి. ఒక్క ‘ఉండు’ క్రియలో మాత్రం ఊహకు చెందిన ఏకవచనం ‘వర్’గా మిగిలి, బహువచనపు ‘వర్’తో పోలిక కలిసిపోయింది. ఒకే పేరున్న ఇద్దరు మనుషుల్లాంటి సంగతి. ‘ఇఫ్’ తోడుంటే ఈనాడు మాట్లాడేటప్పుడు చాలామంది ‘ఇఫ్ హి వాజ్ హియర్’ అనేస్తారు, అది చెల్లుతుంది. ‘ఇఫ్’ తీసేశాక మాత్రం ‘వాజ్ హి హియర్’ చెల్లదు. ఊహ ముద్ర ఉన్న నాణెమే కావాలి.

ఈ ‘వర్’కి ‘టు’ తోడైతే ఇంకా జరగని భవిష్యత్తును దూరంగా పెట్టి చూడొచ్చు. ‘వర్ ద మాన్సూన్ టు ఫెయిల్, ద ట్యాంక్స్ వుడ్ బీ డ్రై బై డిసెంబర్.’ వానలు గనక మొహం చాటేస్తే డిసెంబరుకల్లా చెరువులు ఎండిపోతాయి. మన ‘గనక’ చేసే పనిని ఇక్కడ ‘వర్... టు’ చేస్తోంది: అలా జరుగుతుందని నేననడం లేదు, జరిగితే ఏమవుతుందో చూద్దాం, అంతే. ‘వర్ ఇట్ నాట్ ఫర్ ద కెనాల్’ అనేది ఇంకో అందమైన కూర్పు. ఆ కాలవే లేకపోతే అని. అందులోని ‘ఇట్’కి అర్థం ఏమీ లేదు. ఇంగ్లీషులో కర్త కుర్చీ ఖాళీగా ఉండకూడదు గనక ఉత్తినే కూర్చోబెట్టిన మాట అది. మనం ‘లేకపోతే’ అని ఒక్క మాటలో తేల్చేదాన్ని వాళ్లు నాలుగు చిన్న చిన్న ముక్కలు పేర్చి కడతారు.

ఇక ‘షుడ్’. మూడింటిలోకీ మనవాళ్లను ఎక్కువ తికమకపెట్టేది ఇదే. ‘చెయ్యాలి’ అన్న అర్థానికీ దీనికీ ఇక్కడ పనిలేదు. ‘హాడ్’, ‘వర్’ల మాదిరి ఇది జరగనిదాన్ని చెప్పదు. జరగొచ్చు, జరగకపోవచ్చు, జరుగుతుందని అనుకోవడం లేదు గానీ ఒకవేళ జరిగితే అంటుంది. తెలుగులో దీనికి అన్నిటికన్నా దగ్గరి మాట ‘ఒకవేళ’. అందుకే ఫలిత భాగంలో ‘వుడ్’ తప్పనిసరి కాదు. ‘ప్లీజ్ కాల్’ అని అభ్యర్థన పెట్టొచ్చు, ‘వి విల్ రిఫండ్’ అని మాట ఇవ్వొచ్చు.

మర్యాద ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా ఇక్కడే తెలుస్తుంది. ‘ఇఫ్ యు నీడ్’ అంటే, నీకు అవసరం ఉంటే అడుగు అని. ‘షుడ్ యు నీడ్’ అంటే, మీకు ఏ లోటూ రాకుండానే ఏర్పాటు చేశాం, అయినా ఒకవేళ అవసరం పడితే అని. లోటును అసలు జరగదన్నంత దూరంలో పెట్టి మాట్లాడటమే అందులోని మన్నన. హోటళ్లు, విమానాలు, ఇన్సూరెన్సు కాగితాలు ఈ రూపాన్ని ఇంతగా ఇష్టపడేది అందుకే.

కాగితం అనగానే మనకు ఇంకో పోలిక అందుతుంది. ‘గడువులోగా చెల్లించకపోతే’ అని ఇంట్లో అంటాం. నోటీసులో ‘గడువులోగా చెల్లించని యెడల’ అని ఉంటుంది. అర్థం ఒకటే. ‘యెడల’ కనిపించగానే మాత్రం నిటారుగా కూర్చుని చదువుతాం. అద్దె ఒప్పందాల్లో ‘షుడ్ ద టెనెంట్ ఫెయిల్ టు పే’ అని రాసినప్పుడు ఇంగ్లీషు చదువరికి కలిగేది కూడా ఆ ధ్వనే. అర్థం మారకుండా దుస్తులు మారాయి. అందుకే ఈ రూపాన్ని ఎక్కడ వాడాలో తెలియడం, ఎలా వాడాలో తెలియడమంత ముఖ్యం. స్నేహితుడికి వాట్సాప్‌లో ‘షుడ్ యు గెట్ హంగ్రీ’ అని పెట్టడం, పక్కింటివాళ్లతో ‘పిల్లలు ఏడ్చిన యెడల పిలవండి’ అనడం ఒకటే. ‘హాడ్’కి ఆ బిగువు అంత లేదు, ‘హాడ్ ఐ నోన్’ అని ఇళ్లల్లో మామూలుగా మాట్లాడుకునేటప్పుడు కూడా వినిపిస్తుంది.

ఈ ‘షుడ్’ దగ్గరే మన పిల్లలు ఎక్కువగా చేసే తప్పు ఒకటుంది. ‘ఇఫ్ హి కమ్స్’ నుంచి ‘షుడ్ హి కమ్స్’ అని రాసేస్తారు. ‘కమ్స్’ చివరి ‘స్’ కర్త ఎవరో, కాలమేదో చెప్పే గుర్తు. ‘షుడ్’ రాగానే ఆ బాధ్యత దానిదైపోతుంది. ఒక బరువును ఇద్దరు మొయ్యక్కర్లేదు గనక అసలు క్రియ తన గుర్తు దించేసి ‘కమ్’గా మిగులుతుంది. మూడు రూపాల్లోనూ ఇదే తీరు: ‘హాడ్ హి కమ్’, ‘వర్ హి టు కమ్’, ‘షుడ్ హి కమ్’. మొదటి దాంట్లో ‘కమ్’ భూతకాల కృదంతం, మిగతా రెండింట్లో ఏ గుర్తూ లేని మూలరూపం. ఈ క్రియలో రెండూ ఒకేలా ఉన్నా, ‘గో’ పెట్టి చూస్తే తేడా బయటపడుతుంది: ‘హాడ్ హి గాన్’, ‘వర్ హి టు గో’, ‘షుడ్ హి గో’.

ఇంతవరకు చెప్పింది ఏం చెయ్యొచ్చో. ఏం చెయ్యకూడదో చూస్తే పనితనం ఇంకా బాగా తెలుస్తుంది. ‘ఓన్లీ ఇఫ్’ అంటారు, ‘ఈవెన్ ఇఫ్’ అంటారు. కానీ ‘ఓన్లీ హాడ్ దే టోల్డ్ అస్’ అనరు, ‘ఈవెన్ షుడ్ హి కమ్’ అని మామూలుగా అనరు. 1994లో సబీన్ ఇయట్రిడూ, డేవిడ్ ఎంబిక్ ఈ తిరగేసిన షరతుల మీద రాసిన పరిశీలనలో ఇలాంటి నిషేధాలను ఒకచోట చేర్చి చూపించారు. అది చదువుతుంటే నాకు మన ‘వస్తేనే’ గుర్తొచ్చింది. ‘వస్తే’కి ‘నే’ తగిలిస్తే ‘వస్తేనే’, ఓన్లీ ఇఫ్. ‘నే’ తగిలించడానికి ‘తే’ అనే కొక్కెం అక్కడుంది. ‘ఇఫ్’ ఉన్న వాక్యంలోనూ ‘ఓన్లీ’ తగిలించడానికి ఒక కొక్కెం ఉంది. తిరగేసిన వాక్యంలో షరతుకంటూ వేరే మాట లేదు, చోటు మాత్రమే ఉంది. చోటుకు ఏదీ తగిలించలేం. నేను చెప్పుకున్న వివరణ ఇది. ఆ పరిశోధకులు చెప్పే వివరణ ఇంకా లోతైనది. అయినా తరగతిలో ‘వస్తేనే’ అని ఒక్క మాట బోర్డు మీద రాసిన రోజున, ‘ఓన్లీ హాడ్’ ఎందుకు కుదరదో ఎవరికీ రెండోసారి చెప్పాల్సిన పనిలేకపోయింది.

ఇంకో నిషేధం మరీ చిన్నది, మరీ వింతైనది. ‘హాడ్ దే నాట్ టోల్డ్ అస్’ అనొచ్చు. ‘హాడంట్ దే టోల్డ్ అస్’ అంటే అది ప్రశ్నైపోతుంది, వాళ్లు మాకు చెప్పలేదూ అని. షరతుగా పనికిరాదు. ‘షుడంట్’, ‘వరంట్’ల సంగతీ అంతే. ‘నాట్’ తన పూర్తి రూపంతో కర్త తర్వాతే ఉండాలి. కుదించుకుపోయి క్రియ వెనక వేలాడుతూ గుమ్మం దాకా రాకూడదు. ప్రశ్నలోనూ ఆ సహాయక క్రియే, కర్తను దాటే ఆ నడకే. అక్కడ ‘హాడంట్’ హాయిగా చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు. పైకి ఒకలా కనిపించే రెండు పనులు లోపల ఒకటి కావని ఈ ఒక్క అక్షరం చెబుతుంది.

ఆ రెండు పనులకూ చుట్టరికం మాత్రం ఉంది. షరతు ఒకప్పుడు ప్రశ్నలోంచే పుట్టిందని డెన్మార్కు పండితుడు ఒట్టో యెస్పర్సన్ భావించాడు. ఇందులో మనకు అందని సంగతి లేదు. ‘ఆకలేస్తోందా? అన్నం ఉంది, పెట్టుకో’ అని ఇంట్లో అంటాం. అడిగిన ప్రశ్నకు జవాబు కోసం ఆగం. ప్రశ్న అడిగినట్టే అడిగి, అవుననుకుని ముందుకు సాగిపోతాం. ఆ ప్రశ్నే కాస్త నలిగి, విరామం కరిగి, తర్వాతి వాక్యానికి అతుక్కుపోతే షరతు తయారవుతుంది. ‘ఎవర్’, ‘ఎనీ’ లాంటి మాటలు ప్రశ్నల్లోనూ షరతుల్లోనూ ఒకే చనువుతో తిరగడం చూసినా ఆ బంధుత్వం తెలుస్తుంది. పుట్టుక అదేనని అందరూ ఒప్పుకోరు, కానీ పోలిక కాదనలేనిది.

అందుకే గొంతుకు ఇక్కడ పని ఎక్కువ. ‘హాడ్ దే టోల్డ్ అస్’ అని ప్రశ్న అడిగేటప్పుడు చివర గొంతు పైకి లేచి, జవాబు కోసం ఆగుతుంది. షరతు చెప్పేటప్పుడు ఇంకా ఉంది వినండి అన్నట్టు కామా దగ్గర సగంలో నిలుస్తుంది. కాగితం మీద గొంతు లేదు గనక కామా ఆ పని చేస్తుంది. షరతు ముందొచ్చినప్పుడు ఈ కామాను మానెయ్యకూడదు. ‘ఇఫ్’ ఉన్న వాక్యంలో కామా మరిచిపోయినా చదువరి దారి తప్పడు, ‘ఇఫ్’ ముందే చెప్పేసింది. ఇక్కడ అది లేదు. ప్రశ్నా, షరతా అని చదువరి పట్టి ఉంచుకున్న అనుమానం తీరేది కామా దగ్గరే.

షరతు వెనక్కి వెళ్తే ఆ అనుమానం ఉండదు, సాధారణంగా కామా కూడా ఉండదు. ‘వి వుడ్ హావ్ కమ్ హాడ్ దే టోల్డ్ అస్.’ ఫలితం ముందే తెలిసిపోయింది. ‘వుడ్ హావ్’ వినగానే ఏదో జరగలేదని అర్థమై, ఎందుకని అన్న ప్రశ్న మనసులో లేస్తుంది. సరిగ్గా అప్పుడు ‘కమ్’ పక్కనే ‘హాడ్’ వచ్చి ఆనుతుంది. రెండు భాగాల మధ్య కలిపే మాట ఏదీ లేదు. మేకు కొట్టకుండా, ఒక చెక్క అంచును ఇంకో చెక్క గాడిలో దించినట్టు ఉంటుంది ఆ అతుకు. ‘ఇఫ్’ ఉన్న వాక్యంలో గొంతుకు ఊపిరి తీసుకోవడానికి ఒక చిన్న మెట్టు దొరుకుతుంది. ఇక్కడ దొరకదు. ‘కమ్ హాడ్’ అని ఒక్క గుక్కలో దాటాలి. మనం కూడా మనసు కష్టపెట్టుకున్నప్పుడు వరస మార్చి ‘వచ్చేవాళ్లం కదా, చెప్పుంటే’ అంటాం. అక్కడ ‘చెప్పుంటే’లోని ‘టే’ దగ్గర గొంతు దిగుతుంది. ఇంగ్లీషు వాక్యంలో ‘టోల్డ్’ దగ్గర దిగుతుంది. ‘అస్’ వినీ వినపడనట్టు ఉంటుంది.